సున్నా ఫీడ్‌బ్యాక్ ఖాతా మీ ఈబే వేలం గెలిస్తే ఏం చేయాలి, అంతకుముందే ఏం చేసి ఉండాలి

పాత ఫోనునో, కెమేరానో, ల్యాప్‌టాప్‌నో ఈబేలో వేలానికి పెట్టిన అమెరికా తెలుగువారు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. వేలం ముగిసింది, ధర బాగానే పలికింది, కానీ గెలిచిన ఖాతా ఈ నెలలోనే తెరిచినది, దాని ఫీడ్‌బ్యాక్ (గత లావాదేవీల తర్వాత అవతలివారు ఇచ్చిన అభిప్రాయాల లెక్క) సున్నా. వస్తువు పంపాలా, ఏదో ఒక సాకు చెప్పి రద్దు చేసుకోవాలా? ఈ ప్రశ్నను వేలం ముగిశాక కాక, లిస్టింగ్ (అమ్మకపు ప్రకటన) రాసే రోజునే తేల్చుకోవాలి. కింద చెప్పిన జాగ్రత్తల్లో దాదాపు సగం మొదటి బిడ్ పడకముందే పూర్తి చేయవలసినవి.

అడుగుల్లోకి వెళ్లేముందు ఒక్క విషయం తెలిసి ఉండాలి. 2008 నుంచి ఈబేలో అమ్మినవారు కొన్నవారికి చెడ్డ ఫీడ్‌బ్యాక్ ఇవ్వలేరు. ఇస్తే మంచిదే ఇవ్వాలి, లేదంటే ఊరుకోవాలి. అందువల్ల ఒక ఖాతా పక్కన 300 అని కనిపిస్తే అది చాలాసార్లు కొన్నదని తెలుస్తుందే తప్ప, నిజాయితీగా కొన్నదని తెలియదు. పైగా దొంగిలించిన ఖాతాతో కొనేవారికి ఆ ఖాతా అసలు యజమాని సంపాదించుకున్న ఫీడ్‌బ్యాక్ అంతా ఉచితంగా దక్కుతుంది. సున్నా ఉన్నంత మాత్రాన ఎవరూ మోసగాళ్లు కారు, పది సంవత్సరాల ఖాతా అయినంత మాత్రాన ఎవరూ నమ్మకస్థులు కారు. ముఖం చూసి బొట్టు పెట్టే పద్ధతి ఇక్కడ పనిచేయదు కాబట్టి, ఎవరు గెలిచినా మీకు నష్టం రాని విధంగా అమ్మకాన్ని అమర్చుకోవడం ఒక్కటే మీ చేతిలో ఉన్న పని.

కావలసినవి

మీ పేరు మీద ధ్రువీకరణ పూర్తయిన ఈబే ఖాతా, దానికి జతచేసిన చెకింగ్ ఖాతా, మంచి ఫొటోలు, వీడియోలు తీయగల ఫోను, ఔన్సుల వరకు చూపే చిన్న తూకం, గట్టి అట్టపెట్టె, బబుల్ ర్యాప్, వెడల్పాటి ప్యాకింగ్ టేపు ఉండాలి. ఖరీదైన వస్తువు అయితే అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే మార్కరు పెన్ను ఒకటి, ఒకసారి లాగితే చిరిగిపోయే సీలు స్టిక్కర్లు కొన్ని కొనుక్కోవడం మంచిది. వీటికయ్యే ఖర్చు స్వల్పం, వివాదం వచ్చినప్పుడు ఉపయోగం పెద్దది.

1. వేలం అవసరమా కాదా ముందు తేల్చుకోండి

ఈబే వెతుకులాటలో "సోల్డ్ ఐటమ్స్" అనే వడపోతను ఎంచుకుంటే, మీ వస్తువు లాంటివి ఇటీవల నిజంగా ఎంతకు అమ్ముడుపోయాయో కనిపిస్తుంది. ఆ ధరలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే, అంటే రెండేళ్ల నాటి ఐఫోను లాంటి వస్తువు అయితే, వేలం వల్ల మీకు వచ్చే లాభం పెద్దగా ఏమీ లేదు. అలాంటి వస్తువును వేలం లేకుండా "బై ఇట్ నౌ" అనే స్థిర ధరకు పెట్టి, వెంటనే చెల్లించాలన్న నిబంధనను ఆన్ చేయండి. డబ్బు కడితేనే ఆర్డరు ఏర్పడుతుంది కాబట్టి, గెలిచి మాయమయ్యేవారి బెడద మొదటికే ఉండదు. వేలం అసలు ఉపయోగపడేది పాత లెన్సు, పాత గడియారం, తపాలా బిళ్లల సేకరణ వంటి ధర ముందుగా చెప్పలేని వస్తువులకు.

వేలమే పెట్టాలనుకుంటే, ప్రారంభ ధర విషయంలో ఆశకు పోవద్దు. 99 సెంట్లతో మొదలుపెడితే జనం గుమిగూడి ధర పెరుగుతుందన్న సలహా చాలాచోట్ల వినిపిస్తుంది కానీ, ఒక్క వస్తువు అమ్మే ఇంటివారికి అది ప్రమాదకరం. ఒకరే రెండు ఖాతాలతో వచ్చి, ఒకదానితో చిన్న బిడ్, రెండోదానితో ఎవరూ అందుకోలేనంత పెద్ద బిడ్ వేసి, మిగిలినవారు వెనక్కు తగ్గాక పెద్దదాన్ని ఉపసంహరించుకునే మోసం ఒకటి ఉంది. చివరి 12 గంటల్లో, వేసిన గంటలోపు మాత్రమే బిడ్ వెనక్కు తీసుకోవచ్చన్న ఈబే నియమం దీనిని కొంత అరికడుతుంది, పూర్తిగా కాదు. మీరు ఎంత తక్కువకు ఇవ్వడానికి సిద్ధమో అదే ప్రారంభ ధరగా పెట్టండి. రిజర్వ్ ధర (బిడ్ అంతకు చేరకపోతే అమ్మనక్కర్లేని కనీస ధర) అనే మార్గమూ ఉంది కానీ, దానికి వస్తువు అమ్ముడుపోయినా పోకపోయినా విడిగా రుసుము పడుతుంది.

2. ఖాతాలో కొనేవారి నిబంధనలు అమర్చండి

ఖాతా సెట్టింగుల్లో "సెల్లింగ్ ప్రిఫరెన్సెస్" తెరిస్తే కొనేవారిని నియంత్రించే భాగం కనిపిస్తుంది. అక్కడ "బయ్యర్ రిక్వైర్‌మెంట్స్"లో మూడు అమరికలు మీకు ముఖ్యం. గెలిచి డబ్బు కట్టని చరిత్ర ఉన్నవారిని అడ్డుకునేది మొదటిది, దానిని 12 నెలల్లో 2 సార్లు అన్న స్థాయిలో పెట్టండి. మీరు పంపని దేశాల్లో చిరునామా ఉన్నవారిని అడ్డుకునేది రెండోది. ఒకే ఖాతా మీ దగ్గర 10 రోజుల్లో ఎన్ని వస్తువులు కొనవచ్చో పరిమితం చేసేది మూడోది. ఈ మూడోదాన్ని తక్కువ ఫీడ్‌బ్యాక్ ఉన్నవారికి మాత్రమే వర్తించేలా పెట్టుకోవచ్చు. ఒకేసారి నాలుగైదు వస్తువులు అమ్మేవారికి ఇది బాగా పనికొస్తుంది.

సున్నా ఫీడ్‌బ్యాక్ ఉన్నవారినందరినీ ఒక్క మీటతో ఆపే అమరిక లేదు. అందుకని కొందరు వివరణలో "సున్నా ఫీడ్‌బ్యాక్ ఉన్నవారు బిడ్ వేయవద్దు" అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. అలా రాయడం వల్ల మంచి కొత్తవారు భయపడి వెళ్లిపోతారు. మోసం చేయదలచినవారు మాత్రం మీ వివరణ చదివి ఆగిపోరు.

ఇక్కడే, చెల్లించని ఆర్డర్లను ఈబే తనంతట తాను రద్దు చేసే అమరిక కూడా ఉంటుంది. దానిని ఆన్ చేసుకుంటే తర్వాత రోజులు లెక్కపెట్టుకునే పని తప్పుతుంది.

సరిచూసుకోవడం ఎలా: లిస్టింగ్ వెలువడ్డాక, మీ ఖాతాలోకి లాగిన్ కాని బ్రౌజరులో దానిని తెరవండి. ఏ దేశాలకు పంపుతారని రాసి ఉందో, తిరిగి పంపే నిబంధనలు ఏమని కనిపిస్తున్నాయో చూడండి. మీరు పెట్టాననుకున్నదీ పేజీలో కనిపించేదీ వేర్వేరుగా ఉండటం తరచుగా జరుగుతుంది.

3. వివరణలో లోపాలన్నీ మీరే చెప్పండి

వస్తువు చేరాక వచ్చే తగాదాల్లో అమ్మినవారికి ఎక్కువ నష్టం తెచ్చేది "వివరణకు తగినట్టు లేదు" అన్న ఫిర్యాదు. మీరు "రిటర్నులు లేవు" అని రాసుకున్నా, ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ కింద కొన్నవారు ఈ కారణంతో వస్తువు తిప్పి పంపవచ్చు, ఆ తపాలా ఖర్చు కూడా మీదే. అందువల్ల గీత, సొట్ట, బ్యాటరీ సామర్థ్యం శాతం, పనిచేయని బటను, లేని చార్జరు అన్నీ రాసి, ప్రతి లోపానికీ దగ్గరి ఫొటో ఒకటి పెట్టండి. ఇంటర్నెట్‌లో దొరికిన కంపెనీ ఫొటోలు వాడవద్దు. "నాకు తెలిసినంతవరకు బాగానే పనిచేస్తుంది" అని రాయడం కన్నా "ఈ రోజు ఆన్ చేసి, కాల్ చేసి, రెండు కెమేరాలతో ఫొటో తీసి చూశాను" అని రాయడం ఎంతో బలంగా నిలుస్తుంది.

ఐఫోను అయితే "ఫైండ్ మై" నుంచి తొలగించి, ఆపిల్ ఖాతా నుంచి లాగౌట్ అయి, ఆ తర్వాతే మొత్తం చెరిపేయండి. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఖాతాను ముందు తీసేయండి. ఈ తాళాలు అలాగే ఉంచి పంపితే కొన్నవారికి ఫోను తెరుచుకోదు. అప్పుడు ఫిర్యాదు చేసినవారు మోసగాళ్లు కారు, తప్పు మీదే అవుతుంది.

4. మీ దగ్గర మాత్రమే ఉండే ఆధారాలు సిద్ధం చేయండి

లిస్టింగులో పెట్టే ఫొటోలు కొనేవారి కోసం. వాటికి తోడు, ఎవరికీ చూపని మరికొన్ని ఫొటోలు మీ కోసం తీసుకోవాలి. మంచి కెమేరా కొని, తన దగ్గరున్న పాడైన అదే మోడల్‌ను తిప్పి పంపడం బాగా తెలిసిన మోసం. దానికి విరుగుడు మీ వస్తువు మీదే అని నిరూపించగల గుర్తులే.

సీరియల్ నంబరు, ఫోనైతే ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) స్పష్టంగా కనిపించేలా ఫొటో తీసుకోండి. లిస్టింగులో ఆ నంబరు పూర్తిగా పెట్టవద్దు, మధ్య అంకెలు కనిపించకుండా చేయండి. మరలు ఉన్న అడుగుభాగం మీద చిన్న సీలు స్టిక్కరు అంటించి, అది చిరిగితే రిటర్ను చెల్లదని వివరణలో ఒక వాక్యం రాయండి. ఈబే దానిని తప్పక అంగీకరిస్తుందని కాదు, లోపలి భాగాలు మార్చాలనుకున్నవారు ఇంకొకరి లిస్టింగు చూసుకుంటారు. బ్యాటరీ అర లోపలో, బెల్టు కొక్కెం కిందో అదృశ్య మార్కరుతో చిన్న గుర్తు పెట్టి, దానినీ ఫొటో తీయండి. ఈ గుర్తు సంగతి మాత్రం ఎక్కడా రాయవద్దు.

5. వేలం నడుస్తున్నప్పుడు బిడ్‌ల కన్నా సందేశాలను ఎక్కువ గమనించండి

బిడ్‌ల చరిత్ర తెరిస్తే ఒక్కొక్కరి ఫీడ్‌బ్యాక్, గత 30 రోజుల్లో వేసిన బిడ్‌లు, ఉపసంహరించుకున్నవి కనిపిస్తాయి. ఉపసంహరణలు ఎక్కువగా ఉన్న ఖాతా కనిపిస్తే ఆ బిడ్‌ను మీరే రద్దు చేయవచ్చు. రద్దు చేసి ఊరుకుంటే అదే ఖాతా పది నిమిషాల్లో మళ్లీ బిడ్ వేస్తుంది కాబట్టి, వెంటనే ఆ పేరును "బ్లాక్డ్ బయ్యర్స్" జాబితాలో చేర్చండి. సందేహం కలిగిన ప్రతి ఒక్కరినీ ఇలా తీసేస్తూ పోవడం మాత్రం సరికాదు. బిడ్‌లు తగ్గితే ధర తగ్గుతుంది.

సందేశాల విషయం వేరు. అసలు ఉద్దేశం బయటపడేది అక్కడే. కింది మాటల్లో ఏది వచ్చినా జవాబు ఇవ్వక, ఈబేకు రిపోర్టు చేసి, ఆ ఖాతాను బ్లాక్ చేయండి.

"మీ ఫోను నంబరు ఇవ్వండి, నేరుగా మాట్లాడుకుందాం." ఈబే బయటకు తీసుకువెళ్లిన మరుక్షణం మీకున్న రక్షణలు పోతాయి. పైగా ఈబే బయట అమ్ముకోవడం దాని నియమాలకు విరుద్ధం.

"మీరు నిజమైన మనిషో కాదో చూడటానికి ఆరంకెల కోడ్ పంపాను, అది చెప్పండి." ఆ కోడ్‌తో వారు మీ నంబరు మీద గూగుల్ వాయిస్ ఖాతా తెరిచి, దానితో ఇతరులను మోసం చేస్తారు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీని గురించి హెచ్చరించింది. కోడ్ ఎవరికీ చెప్పకూడదన్న నియమానికి ఇక్కడా మినహాయింపు లేదు.

"నేను ఊళ్లో లేను, ధర కన్నా ఎక్కువకు క్యాషియర్స్ చెక్కు పంపుతాను, మిగిలింది తీసుకెళ్లేవాడికి ఇవ్వండి." బ్యాంకు ఆ మొత్తాన్ని మరుసటి రోజే మీ ఖాతాలో చూపవచ్చు, చెక్కు నకిలీదని కొన్ని వారాల తర్వాత తేలవచ్చు. అప్పటికి వస్తువూ పోయి ఉంటుంది, మీరిచ్చిన "మిగిలింది" కూడా పోయి ఉంటుంది.

6. గెలిచాక డబ్బు వచ్చిందో లేదో సరైన చోట చూడండి

ఈబేలో కొన్నవారి డబ్బు ఈబే చేతికి వెళ్లి, అక్కడి నుంచి మీ చెకింగ్ ఖాతాకు వస్తుంది. "మీకు డబ్బు వచ్చింది, ట్రాకింగ్ నంబరు ఇస్తే విడుదల అవుతుంది" అని పేపాల్ పేరుతోనో, జెల్ పేరుతోనో, ఈబే పేరుతోనో వచ్చిన ఈమెయిలును నమ్మవద్దు, అందులోని లింకును నొక్కవద్దు. బ్రౌజరులో మీరే ఈబే చిరునామా కొట్టి లోపలికి వెళ్లి, ఆర్డరు పక్కన చెల్లించినట్టు ఉందో లేదో చూడండి. అక్కడ లేకపోతే డబ్బు రానట్టే.

కొత్తగా అమ్మేవారి డబ్బును ఈబే కొన్నాళ్లు ఆపి ఉంచుతుంది. సొమ్ము "ఆన్ హోల్డ్" అని కనిపించినా ఆర్డరు చెల్లించినట్టే లెక్క కాబట్టి, వస్తువును గడువులోపు పంపాలి. ఈ రెండు పరిస్థితుల మధ్య తేడా తెలియక, నకిలీ ఈమెయిలును నమ్మి పంపినవారూ ఉన్నారు, నిజమైన ఆర్డరును పంపకుండా కూర్చుని ఫిర్యాదు కొని తెచ్చుకున్నవారూ ఉన్నారు.

గెలిచినవారు చెల్లించడానికి 4 రోజుల గడువు ఉంటుంది. ఒకటి రెండు రోజులు చూసి, ఈబే సందేశాల్లోనే మర్యాదగా ఒకసారి గుర్తు చేయండి. కొత్తవారిలో నిజంగానే ఎలా కట్టాలో తెలియక ఆగిపోయినవారు ఉంటారు. నాలుగు రోజులు దాటినా రాకపోతే ఆర్డరును రద్దు చేసి, కారణంగా "కొన్నవారు చెల్లించలేదు" అన్నదే ఎంచుకోండి. "వస్తువు లేదు" అని ఎంచుకుంటే తప్పు మీ ఖాతా మీద పడుతుంది. "కొన్నవారే రద్దు కోరారు" అని ఎంచుకుంటే వారి ఖాతా మీద చెల్లించని గుర్తు పడదు, మీరు 2వ అడుగులో పెట్టుకున్న వడపోత పనిచేసేది ఇలాంటి గుర్తుల మీదే.

తర్వాతి బిడ్ వేసినవారికి "సెకండ్ ఛాన్స్ ఆఫర్" పంపే వీలు వేలం ముగిశాక 60 రోజుల వరకు ఉంటుంది. అయితే గెలిచి కట్టనివారు ధరను అసహజంగా పెంచి ఉంటే, రెండో వ్యక్తి బిడ్ కూడా ఆ పోటీలోనే పెరిగి ఉంటుంది, వారు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు మళ్లీ లిస్టింగు పెట్టడమే మేలు.

7. చిరునామా మార్చమంటే ఒప్పుకోవద్దు

"నేను ఇల్లు మారాను, ఈ చిరునామాకు పంపండి" అన్న సందేశం ఎంత అమాయకంగా ఉన్నా, ఆర్డరులో ఉన్న చిరునామాకు తప్ప మరెక్కడికీ పంపవద్దు. దొంగిలించిన కార్డుతోనో, దొంగిలించిన ఖాతాతోనో కొన్నవారికి అసలు యజమాని చిరునామాకు వస్తువు వెళితే ఉపయోగం లేదు, అందుకే మార్చమంటారు. వేరే చిరునామాకు పంపిన వస్తువు విషయంలో వివాదం వస్తే ఈబే అమ్మకందారు రక్షణ మీకు వర్తించదు. నిజంగా ఇల్లు మారినవారైతే ఆర్డరు రద్దు చేసి, సరైన చిరునామాతో మళ్లీ కొనమనండి. ఆ వెసులుబాటు కోసమే వస్తువును "బై ఇట్ నౌ"గా మళ్లీ పెట్టి ఇవ్వవచ్చు.

డెలవేర్, ఒరెగాన్ వంటి సేల్స్ ట్యాక్స్ లేని రాష్ట్రాల్లో, వీధి నంబరు తర్వాత పొడవాటి సూట్ నంబరుతో చిరునామా ఉంటే, అది సరుకును విదేశాలకు పంపించే గిడ్డంగి కావచ్చు. అది మోసమని అర్థం కాదు, చాలామంది విదేశీయులు అలాగే కొంటారు. ఇలాంటి ఆర్డరుకు సంతకం సేవ (అందుకున్నవారి సంతకం తీసుకునే తపాలా సేవ), ప్యాకింగ్ వీడియో రెండూ తప్పనిసరి చేసుకోండి.

8. ప్యాకింగును వీడియో తీయండి, సంతకం సేవ కొనండి

వీడియో ఒకే తునకగా, మధ్యలో ఆపకుండా ఉండాలి. వస్తువు సీరియల్ నంబరు చూపించడం, ఆన్ చేసి చూపించడం, పెట్టెలో పెట్టడం, టేపు వేయడం, లేబుల్ అంటించడం, తూకం మీద పెట్టి బరువు చూపించడం వరుసగా కనిపించాలి. "ఖాళీ పెట్టె వచ్చింది" అన్న ఆరోపణకు తపాలా కార్యాలయంలో నమోదైన బరువు కన్నా మంచి జవాబు లేదు కాబట్టి, పెట్టెను ఇంటి గుమ్మంలో వదిలేయక కౌంటరు దగ్గర ఇచ్చి, రసీదు తీసుకోండి. రసీదు మీద ట్రాకింగ్ నంబరు, బరువు రెండూ ఉన్నాయో లేదో అక్కడే చూడండి.

పన్ను, తపాలా ఖర్చుతో కలిపి ఆర్డరు 750 డాలర్లు లేదా అంతకు మించితే, చేరినట్టు నిరూపించడానికి సంతకం తప్పనిసరి. 690 డాలర్లకు అమ్ముడైన వస్తువు పన్ను కలిసేసరికి 750 దాటిపోవచ్చు. చాలామంది జారిపడేది ఇక్కడే, కాబట్టి ఆర్డరు మొత్తం చూడండి, వేలం ధర కాదు. 750 కన్నా తక్కువైనా, మీకు ఆ మొత్తం పోతే బాధ కలిగేటంతటిదైతే సంతకం సేవ కొనడమే మంచిది.

అమెరికా తపాలా సంస్థ గ్రౌండ్ అడ్వాంటేజ్, ప్రయారిటీ మెయిల్ సేవల్లో 100 డాలర్ల బీమా కలిసే ఉంటుంది. మిగిలిన విలువకు అదనపు బీమా కొనుక్కోండి. వాడిన ఫోను, ల్యాప్‌టాప్ వంటి లిథియం బ్యాటరీ వస్తువులను 2022 జూన్ నుంచి విమానంలో పంపకూడదు. దేశం లోపల నేల మార్గంలోనే, నిర్దేశించిన గుర్తు పెట్టె మీద రాసి పంపాలి. అంటే వాడిన ఫోనును తొందరగా చేరుతుందని ప్రయారిటీ మెయిల్‌లో వేయకూడదు.

లేబుల్‌ను ఈబే నుంచే కొంటే ట్రాకింగ్ నంబరు ఆర్డరులోకి తానే చేరుతుంది, అంకె తప్పు కొట్టే ప్రమాదం ఉండదు. మరుసటి రోజు ట్రాకింగ్ తెరిచి, "లేబుల్ తయారైంది" అన్న దశ దాటి, తపాలా వారు స్వీకరించినట్టు నమోదైందో లేదో చూడండి. నమోదు కాకపోతే రసీదు పట్టుకుని వెంటనే కౌంటరుకు వెళ్లండి, వారం తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు.

9. చేరిన తర్వాత వచ్చే ఫిర్యాదులకు గడువులోపు జవాబివ్వండి

"అందలేదు" అన్న ఫిర్యాదుకు చేరినట్టు చూపే ట్రాకింగ్, అవసరమైన చోట సంతకం ఉంటే చాలు. జవాబు ఇవ్వడానికి 3 పనిదినాల గడువు ఉంటుంది, అది దాటనివ్వవద్దు.

"వివరణకు తగినట్టు లేదు" అన్న ఫిర్యాదుకు ముందుగా ఏ లోపమో ఫొటోతో చూపమని ఈబే సందేశాల్లోనే అడగండి. నిజమైన లోపమైతే వాదించక రిటర్ను అంగీకరించండి. నిజం కాదని మీకు తోచినా, గడువు గడిచేవరకు మౌనంగా ఉంటే వస్తువూ డబ్బూ రెండూ పోయే స్థితి రావచ్చు, కాబట్టి రిటర్ను అంగీకరించి, వస్తువు తిరిగి వచ్చాక పోరాడటమే తెలివైన పని. తిరిగి వచ్చిన పెట్టెను టేపు తీయకముందు నుంచీ వీడియో తీస్తూ తెరవండి. లేబుల్ మీది బరువు, సీరియల్ నంబరు, సీలు, మీ రహస్య గుర్తు పోల్చి చూడండి. వేరే వస్తువు వస్తే, డబ్బు తిరిగి ఇచ్చే మీట నొక్కకుండా ఈబేను జోక్యం చేసుకోమని కోరి, ఫొటోలు జతచేయండి. తపాలా ద్వారా జరిగిన మోసం కాబట్టి పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌కు, ఆన్‌లైన్ నేరం కాబట్టి ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3 వెబ్‌సైట్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదు నంబర్లు ఉంటే మీ వాదన బలపడుతుంది. వస్తువు అందిన 2 పనిదినాల్లో ఈ పనులన్నీ జరగాలి.

"100 డాలర్లు వెనక్కు ఇవ్వండి, లేకపోతే చెడ్డ ఫీడ్‌బ్యాక్ ఇస్తాను" అన్నవారికి డబ్బు ఇవ్వవద్దు. అలా బెదిరించడం ఈబే నియమాలకు విరుద్ధం. సందేశం ఈబేలోనే ఉంటే రిపోర్టు చేసి, ఆ ఫీడ్‌బ్యాక్‌ను తొలగించమని అడగవచ్చు.

ఫిర్యాదుల్లో మూడో రకం, కార్డు కంపెనీ ద్వారా వచ్చే చెల్లింపు వివాదం. ఇది అమ్మకం జరిగిన కొన్ని నెలల తర్వాత కూడా రావచ్చు. జవాబుకు 5 రోజులే ఉంటాయి, అవి క్యాలెండరు రోజులు, శని ఆదివారాలూ కలిసే లెక్క. ఆర్డరులోని చిరునామాకు సమయానికి పంపి, ట్రాకింగ్, సంతకం ఉన్నవారికి చాలా సందర్భాల్లో ఈబే రక్షణ దక్కుతుంది. ఆధారాలు లేక ఓడిపోతే వస్తువు ధరతో పాటు 20 డాలర్ల వివాద రుసుము కూడా పడుతుంది.

వేరే మార్గాలు

దగ్గరి ఊరివారు చేతికి తీసుకుంటామంటే, లిస్టింగులో "లోకల్ పికప్" పెట్టండి. కొన్నవారి దగ్గర ఉండే క్యూఆర్ కోడ్‌నో, ఆరంకెల కోడ్‌నో మీ ఈబే యాప్‌లో నమోదు చేస్తేనే అప్పగించినట్టు లెక్క. మనిషి ఎదురుగా నిలబడి, నవ్వుతూ మాట్లాడుతుంటే కోడ్ అడగడానికి మొహమాటపడి వస్తువు ఇచ్చేస్తారు. తర్వాత "అందలేదు" అని ఫిర్యాదు వస్తే చూపించడానికి ఏమీ ఉండదు. పోలీసు స్టేషను ఆవరణలో ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలకు చోటు కేటాయించిన ఊళ్లు చాలా ఉన్నాయి, అక్కడే కలవండి.

విదేశాల వారికి అమ్మాలంటే మీరే స్వయంగా పంపక, ఈబే ఇంటర్నేషనల్ షిప్పింగ్ ఎంచుకోండి. మీరు అమెరికాలోని దాని కేంద్రానికి పంపితే చాలు, అక్కడి నుంచి అవతలి దేశం చేరేవరకు వచ్చే "అందలేదు" తగాదాలు మీ మీద పడవు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న మీవాళ్లు ఈబే వంటి మధ్యవర్తి లేకుండా, ఓఎల్‌ఎక్స్‌లోనో వాట్సాప్ వేలం గ్రూపుల్లోనో అమ్ముతుంటే ఈ అమరికలు చాలావరకు వారికి వర్తించవు. వారికి రెండు మాటలు చెప్పండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదు, ఎవరి క్యూఆర్ కోడ్‌నూ స్కాన్ చేయనక్కర్లేదు. చెల్లించినట్టు చూపే స్క్రీన్‌షాట్‌ను కాక, తమ బ్యాంకు ఖాతాలోని నిల్వను చూసుకున్నాకే వస్తువు ఇవ్వాలి. మోసం జరిగితే ఆలస్యం చేయక సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి.

ఆధారాలు ఎంతకాలం ఉంచాలి

వస్తువు చేరిన నెలకు అంతా ముగిసిందనుకుని వీడియోలు చెరిపేయవద్దు. మనీ బ్యాక్ గ్యారంటీ గడువు చేరవలసిన చివరి తేదీ నుంచి 30 రోజులే అయినా, కార్డు వివాదాలు అంతకన్నా ఆలస్యంగా వస్తాయి. ఒక్కో అమ్మకానికి ఒక ఫోల్డరు పెట్టి, అందులో ఫొటోలు, ప్యాకింగ్ వీడియో, రసీదు ఫొటో, సంతకం ఉన్న డెలివరీ పత్రం, ఈబే సందేశాల స్క్రీన్‌షాట్లు ఉంచి, ఆరు నెలల తర్వాత తీసేయండి. తపాలా రసీదు మీది అక్షరాలు కాలక్రమేణా వెలిసిపోవచ్చు కాబట్టి, దానిని కౌంటరు దగ్గరే ఫొటో తీసుకోండి.